వణికే బండీ, అరిచే బాబాయీ

మా బాబాయికి తిట్టకుండా మాట్లాడటం రాదు. కొందరికి ఈత రానట్టు, కొందరికి పాట రానట్టు, ఆయనకి నెమ్మది రాదు. పొద్దున్నే షెడ్డు షట్టరు ఎత్తుతూ షట్టర్ని తిడతాడు. అది తేలిగ్గా లేచిపోతే, మరి నిన్న ఎందుకు సతాయించావని మళ్ళీ తిడతాడు. ఒకసారి ఎవరో పొరపాటున ఆయన నంబరుకి ఫోన్ చేస్తే, చెవిలో పొగలొచ్చేలా తిట్టాడు. అవతలివాడికి ఏం నచ్చిందో, మర్నాడు బండి తీసుకుని రిపేరుకొచ్చాడు. జనం ఆయన్ని రంకెల మేస్త్రీ అంటారు. అదే షెడ్డులో స్పేర్ పార్టుల కౌంటరు చూసుకునే నాకు చెవులింకా పనిచేస్తున్నాయంటే మా తాతల పుణ్యం.

ఒక చలికాలం, మా వీధి చివరి టైలరమ్మ తన పాత కారేసుకుని వచ్చింది.

"బాబాయ్ గారూ, పొద్దున్నే స్టార్ట్ చేస్తే బండి దడదడా వణుకుతోందండీ. ఆగిపోతోంది కూడా. కాసేపయ్యాక ఏమీ ఎరగనట్టు మామూలైపోతుంది."

బాబాయి బానెట్ ఎత్తి, ఇంజను మీద చెయ్యిపెట్టి, చురుక్కుమనేసరికి లాక్కున్నాడు.

"కాలిపోతోంది! చలిజ్వరం వచ్చినవాణ్ణి ఎండలో ఊరంతా తిప్పి తెచ్చి, ఎందుకు వణికాడో చెప్పమంటే నేనేం చెప్పను?"

"వేరేచోట ప్లగ్గులు కూడా మార్చారండీ."

"వణికేటప్పుడు చూడకుండా మార్చారా? పంటి నొప్పికి చెప్పులు మార్చినట్టుంది!"

"పోనీ, రాత్రికి ఇక్కడే వదిలి వెళ్ళనా?"

"ఎక్కడ? ఆ గోడ అవతల బేకరీ పొయ్యి! తెల్లారేసరికి నీ బండి బన్నులా తయారవుతుంది. పొద్దున్నే నేనే మీ ఇంటికొస్తా. ఈలోగా ఇంజను ముట్టుకున్నావో, ఊరుకోను!"

ఆమె కదల్లేదు. కళ్ళు తడిశాయి. వాళ్ళ నాన్న రిటైరైన బస్సు డ్రైవరు. కిడ్నీలు పాడై, రోజు విడిచి రోజు పొద్దున్నే ఆస్పత్రిలో డయాలసిస్.

"నాన్న ఇంక రానంటున్నారండీ. బండి ఆగినప్పుడల్లా 'చూశావా, దానికీ ఇష్టం లేదు' అని లోపలికెళ్ళి పడుకుంటున్నారు. ఇలా మానేస్తే ప్రాణానికే ముప్పన్నారు డాక్టరు గారు."

"నాతో చెప్తావేం? నేను డాక్టర్నా?" అని అరిచాడు బాబాయి.

నాకు ఒళ్ళు మండిపోయింది. "మనిషివేనా నువ్వు?" అన్నాను ఆమె వెళ్ళాక.

"నీ నట్లూ బోల్టులూ నువ్వు చూసుకో!" అన్నాడు.

మర్నాడు ఆమెని ఏడిపిస్తాడేమోనని నేనూ వెంట వెళ్ళాను. మంచు ఇంకా విడలేదు. బాబాయి కారు తలుపు తీసి లోపలికి తొంగిచూశాడు. తర్వాత ఇంజను మీద చెయ్యి పెట్టాడు. వెచ్చగా ఉంది.

"ఎవరు స్టార్ట్ చేశారు?"

"ఒట్టండీ, నేను ముట్టుకోలేదు!"

"మరి దెయ్యమొచ్చి చలి కాచుకుందా?" ఆ అరుపుకి ఎదురింటి కిటికీలు తెరుచుకున్నాయి. బాబాయి, ఇంట్లో స్వెటరు వేసుకుని కిటికీ దగ్గర కూర్చున్న ఆమె నాన్న, ఆ పెద్దాయన మీదికి తిరిగాడు. "తమరేం చూస్తున్నారు? ఎక్కండి నా బండి! పొద్దున్నే పని పాడైంది. దారిలో తిట్టుకోవడానికైనా నాకో మనిషి కావాలి!"

ఆస్పత్రికి రానని చెప్పడానికి సందు దొరక్క పెద్దాయన ఎక్కేశాడు.

తర్వాతి డయాలసిస్ రోజుల్లోనూ అంతే. వెచ్చటి ఇంజను, వీధి అదిరే తిట్లు, బాబాయి బండిలో పెద్దాయన. మిగతా రోజుల్లో వెళ్ళి చూడొచ్చుగా అంటే, "నాకు వేరే పనుల్లేవా?" అని నామీద పడ్డాడు.

చివరికి టైలరమ్మ చేతిలో టేపుతో సహా షెడ్డుకొచ్చి విరుచుకుపడింది. "వచ్చినప్పుడల్లా వీధిలో నా పరువు తీస్తున్నారు! నేను ముట్టుకోలేదంటే నమ్మరేం? మీకు రిపేరు చేతకాకపోతే చెప్పండి!"

బాబాయి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. గుసగుసగా తిట్టడం కూడా వచ్చని అప్పుడే తెలిసింది.

"అరవకు. నువ్వు కాదని మొదటిరోజే తెలుసు. డ్రైవరు సీటు చివరిదాకా వెనక్కి జరిపి ఉంది. అక్కణ్ణుంచి నీ కాళ్ళకి క్లచ్ అందుతుందా? మీ నాన్న! నీకంటే ముందే లేచి ఇంజను వేడి చేసి, పిల్లిలా వచ్చి కూర్చుంటున్నాడు. మొదటిరోజు ఆస్పత్రి తప్పించుకోవడానికి చేశాడు, ఇప్పుడేమో బండి బాగైతే నేను రానని ఆయన భయం."

"తెలిసీ నన్నెందుకు తిట్టారు?"

"ఆయన్ని తిడితే బయటపడిపోయానని సిగ్గుపడి, రావడం మానేస్తాడు. నువ్వు గట్టిదానివి, తట్టుకుంటావు." కాసేపు స్పానర్ని తుడిచాడు. "ఇంటికొచ్చినవాళ్ళంతా గుమ్మంలోనే కళ్ళు తుడుచుకుంటారట. 'నువ్వొక్కడివేనయ్యా నన్ను బతికున్న మనిషిలా తిడతావు' అన్నాడు. ఏం చెయ్యమంటావు?"

టైలరమ్మ టేపు మెడలో వేసుకుని వెళ్ళిపోయింది.

ఆస్పత్రి లేని రోజు చూసి ఆమె బాబాయిని రమ్మని, ముందురాత్రి కారు తాళం తన తలగడ కింద పెట్టుకుంది. పొద్దున్న ఇంజను మంచుముద్దలా ఉంది. స్టార్ట్ చేయగానే కారంతా గజగజ వణికింది. గాలి గొట్టం ఇంజనుకి అతికేచోట బాబాయి స్ప్రే డబ్బాలోంచి క్లీనరు ద్రవం చిమ్మాడు. అది అక్కడి సందుని మూసేసరికి వణుకు ఒక్క క్షణం ఆగింది.

"దొరికావా!" అని రంకె వేశాడు. లోపలి రబ్బరు ముసలిదై గట్టిపడింది. చలికి ముడుచుకుంటే ఆ సందులోంచి గాలి దూరుతోంది. వేడెక్కితే ఉబ్బి సందు మూసుకుపోతోంది. ఆ చిన్న రబ్బరు ముక్కని అరచేతిలో పెట్టుకుని దాని వంశాన్నంతా తిట్టి, నేను తెచ్చిన కొత్తది బిగించాడు. బండి పాలుతాగే పిల్లలా కుదురుగా నడిచింది.

పెద్దాయన మొహం వాడిపోయింది. "అయితే ఇంక రావన్నమాట."

"ఎందుకు రాను? కొత్త రబ్బరు వేసి గాలికొదిలేస్తారా ఎవరైనా? పక్కన కూర్చుని చప్పుడు వినొద్దూ? రేపు తయారుగా ఉండండి, ఆలస్యమైతే ఊరుకునేది లేదు!"

మర్నాడు బాబాయే ఆలస్యంగా వెళ్ళాడు. నేను ఆయన వెనకే ఉన్నాను. టైలరమ్మ స్టీరింగు ముందు కూర్చుని ఉంది. పెద్దాయన గేటు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఇదా రావడం?" అని గర్జించాడు. "బస్సు నడిపే రోజుల్లో నీలాంటివాణ్ణి రోడ్డు మీదే వదిలేసి పోయేవాణ్ణి! చూస్తావేం? ఎక్కు!"

బాబాయి నోరు తెరిచాడు. మళ్ళీ మూసేశాడు. బుద్ధిగా వెనకసీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు. టైలరమ్మ పెదవి కొరుక్కుంటూ కారు ముందుకి పోనిచ్చింది. ఇంజను చప్పుడే లేదు. పెద్దాయన గొంతు మాత్రం మలుపు తిరిగేదాకా వినబడింది.