ఇంజనుకు హారతి

మా ఆయన ఇంటికి వస్తున్నాడని ముందు నా ముక్కుకు తెలిసేది. పెట్రోలు వాసన. నలుగు పెట్టినా, కుంకుడు రసంతో రుద్దినా అది ఆయన ఒంటిని వదిలేది కాదు. పెళ్లయిన కొత్తలో కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేదాన్ని. ఇప్పుడు రోడ్డు మీద ఏ బండి ఆగినా ఆ వాసన కోసం కాసేపు నిలబడతాను.

నేను ఖిలా వరంగల్‌లో పుట్టి పెరిగినదాన్ని. ఆయన ఏటూరునాగారంలో గోదావరి మీద మోటరు పడవ నడిపేవాడు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన రోజులవి. మిలిట్రీ వాళ్లు అమ్మేసిన పెట్రోలు ఇంజను ఒకటి అడవి కంట్రాక్టరు కొనుక్కొచ్చి పాత కర్ర పడవ కడుపులో బిగించాడు. వెదురు బొంగులూ మనుషులూ, జాతరప్పుడు మేడారం పోయే జనమూ అందులోనే ఏరు దాటేవాళ్లు. పేరుకు మోటరే గానీ దాని వేషాలకు అంతు లేదు. కాస్త తడిస్తే మొరాయించేది. డబ్బాలకు డబ్బాలు తాగి నడి ఏట్లో ఆగిపోయేది. పెట్రోలేమో వరంగల్ నుంచి రావాలి, వచ్చిన డబ్బాలు కూడా ఆ పడవలోనే ఉండాలి. "నా సవతికి ఇయ్యాల కడుపు నిండిందా?" అని నేను ఎకసెక్కం చేస్తే ఆయన పడీ పడీ నవ్వేవాడు.

నవ్వకుండా చెప్పే మాట ఒకటుండేది.

"లారీల పెట్రోలు కారితె మట్టి మీద పడ్తది, గాలికి పోతది. పడవల కారితె యాడికి పోతదే? దాని ఆవిరి గాలి కన్న బరువు. అడుగుకు పొయ్యి పంటది. కండ్లకు కానరాదు. ఒక్క నిప్పురవ్వ సాలు."

అందుకే ఇంజను తిప్పే ముందు దాని పెట్టె మూత తెరిచి, వంగి వాసన చూసేవాడు. ఆవిరి పోయిందని నమ్మకం కుదిరేదాకా ఎంతటివాళ్లు తొందరపెట్టినా కదిలేవాడు కాదు. చుట్ట వెలిగించుకుని వచ్చిన ముసలాయనను "మామా, జర ఒడ్డు మీదనే ఆర్పి రా, నీ కాల్లు మొక్కుత" అని బతిమాలేవాడు. వానలో కూడా పరదాలు దింపనిచ్చేవాడు కాదు, ఇంజను పొగ లోపల నిలిచిపోతే మనుషులు సొమ్మసిల్లుతారని. జనం తడుస్తూ తిట్టుకునేవాళ్లు.

ఇవన్నీ విన్నాక నాకు మనశ్శాంతి ఎక్కడిది? పడవ మంగపేట వైపు పోయిన రోజు పని మీద చేయి ఆడేది కాదు. ఏటి ఒడ్డున కూర్చుని చెవులు అప్పగించేదాన్ని. దూరంగా టపటపమని వినబడ్డాకే లేచి వెళ్లి పొయ్యి ముట్టించేదాన్ని.

చివరికి నేనే పట్టుబట్టాను. మా అన్న వరంగల్‌లో బస్సులు బాగుచేసే షెడ్డులో ఆయనకు పని మాట్లాడాడు. కోట లోపల మాకొక గది కూడా చూసిపెట్టాడు. ఆయనకేమో గోదావరిని వదలబుద్ధి కాలేదు. నేను మాట్లాడటం మానేశాను. అప్పుడు దిగొచ్చాడు.

"దసరా కానియ్యి. ఇంజనుకు పూజ జేసి, దానికో దండం బెట్టి వస్త. నీ మీద ఒట్టు. ఇగనన్న జర నవ్వరాదే."

నవ్వాను. ఆ పూటే మూట కట్టడం మొదలుపెట్టాను.

దసరా నాడు ఎవరి పనిముట్టుకు వాళ్లు పూజ చేసుకుంటారు. బండి ఉన్నవాడు బండికి, చెక్కపని చేసే వడ్లాయన బాడిసెకు. ఆయన ఇంజనుకు. ఇదే ఆఖరు పూజ కదా అని పొద్దున్నే పెట్రోల్లో గుడ్డ ముంచి, మరకనేది లేకుండా ఇంజనును తళతళా తుడిచాడు. అంతలో సన్నని తుంపర మొదలైంది. పసుపూ కుంకుమా తడవకూడదని పెట్టె మూత వేసి, పరదాలు దింపి, పైన బంతిపూల దండలు కట్టాడు. కంట్రాక్టరు వచ్చేదాకా అది అలాగే మూసి ఉంది. కంట్రాక్టరు ఒడ్డుకు వచ్చి "ఇగ కానియ్యి" అన్నాడు. ఆయన కొబ్బరికాయ కొట్టి, పళ్లెంలో కర్పూరం వెలిగించి, హారతి చూపించడానికి మూత ఎత్తాడు.

అన్ని జాగ్రత్తలు తెలిసిన మనిషి ఎట్లా మరిచిపోయాడని ఇప్పటికీ అడుగుతారు. బొట్టు పెట్టి, పూలు కట్టాక అది ఆయన కంటికి ఇంజనులా కనబడలేదు. దేవుడిలా కనబడింది. దేవుడి ముందు దీపం చూసి భయపడటం మాకెవరికి తెలుసు? ఒడ్డు మీద ఉన్న నాకు కూడా భయం వేయలేదు. చేతులు జోడించి నిలబడ్డాను.

ధడేల్‌మంది. పడవ మీది పరదాలు మంటలై లేచాయి. నీళ్లలోంచి ఆయనను నలుగురు పట్టి ఒడ్డుకు చేర్చారు. వెంటనే కంట్రాక్టరు లారీలో గడ్డి పరిచి, అరటాకుల మీద పడుకోబెట్టి, వరంగల్ పెద్ద దవాఖానకు బయలుదేరదీశారు. నేను తల దగ్గర కూర్చున్నాను. ముట్టుకుందామంటే ఒంటి మీద కాలని చోటు లేదు. అడవి దారి పొడుగునా ఆయన ఒకటే అడిగాడు.

"ఇంకెంత దూరమే వరంగల్?"

"గదిగో, ఒచ్చెనాయె" అన్నాను. పస్రా కాడ అన్నాను, ములుగు కాడ అన్నాను. అన్నిసార్లూ అబద్ధమే. నిజంగా ఊరు కనబడినప్పుడు సంతోషంగా వంగి చెవిలో చెప్పాను. ఆయన పలకలేదు.

అన్న చూసిపెట్టిన గదిలోకి నేనొక్కదాన్నే దిగాను. అక్కడే ఇన్నేళ్లూ బతికాను. ఆయన ఈ గదిలో ఒక్క పూట నా ఎదురుగా కూర్చుని అన్నం తిని ఉంటే చాలు, ఇంకేమీ అడిగేదాన్ని కాదు.