గ్రీకు రాజు వెనకడుగు

బంతిపువ్వు ఒకటి సరిగ్గా నడిమికి తెగి స్టేజీ మీద పడిన క్షణంలో నాకు మొదటిసారి ప్రమాదం తెలిసింది. నా కత్తి అంచు ఊరికే తగిలిందంతే. నా స్నేహితురాలి మెడలోని దండ తెగి జారిపోయింది. దారం తెగితే పూలు రాలతాయి, అందులో వింత లేదు. కానీ ఆ ఒక్క పువ్వు మాత్రం నిమ్మకాయ కోసినట్టు రెండు ముక్కలై, ఒక సగం ఆమె పాదం మీద, ఇంకో సగం నా చెప్పు మీద పడింది. నేను ఆ సగం పువ్వు వంక చూశాను. తర్వాత ఆమె మెడ వంక చూశాను. నాటకంలో నా తర్వాతి పని ఆ మెడ మీద కత్తి ఆనించి అర పేజీ డైలాగు చెప్పడం.

ఆ రోజుల్లో నాకు భయమంటే ఏమిటో తెలియదు. (ఇప్పుడు మా ఇంట్లో కత్తెర బీరువా మీద ఉంటుంది. ద్రాక్షపండును కూడా నాలుగు ముక్కలు చేసి గానీ పిల్లల నోట్లో పెట్టను. "నువ్వు పుట్టుడే గిట్ల పుట్టినవా?" అని మా ఆయన అడుగుతుంటాడు. కాదు, పుట్టడం బాగానే పుట్టాను.) మాది బోధన్ పక్కన చెరుకు పండించే ఊరు. రోజూ బస్సెక్కి నిజామాబాద్‌లో ఆడపిల్లల డిగ్రీ కాలేజీకి వెళ్ళేదాన్ని. బస్సు ఆగి ఉండగా ఎక్కితే పరువు తక్కువని నమ్మేదాన్ని. రెండో సంవత్సరంలో వార్షికోత్సవానికి చరిత్ర మేడమ్ నాటకం వేయిస్తానన్నారు. లోకాన్ని గెలుచుకుంటూ వచ్చిన గ్రీకు రాజు, ఓడిపోయినా తల వంచని మన రాజు, ఇద్దరి కథ. అందరికంటే పొడుగని నన్ను గ్రీకు రాజును చేశారు. మన రాజు వేషం ఏర్గట్ల ఊరి పిల్లకు వచ్చింది. అది నా ప్రాణ స్నేహితురాలు. వాళ్ళది పసుపు రైతుల ఇల్లు. పసుపు ఉడకబెట్టే రోజుల్లో అది క్లాసులో అడుగు పెడితే ముందు వాసన వచ్చేది, తర్వాత అది వచ్చేది. చేను ఈ గట్టు మీద నిలబడి ఆ గట్టు మీది మనిషిని పిలిచే గొంతు దానిది. మైకు లేకపోయినా రాజ్యం ఏలగలదు.

మిగతావాళ్ళంతా అట్టముక్కకు వెండి కాగితం అంటించి కత్తులు చేసుకుంటుంటే నాకు చిన్నతనం అనిపించింది. ఫోనులో వెతికి వెతికి, పాత గ్రీకు కత్తికి అచ్చమైన నకలు అని రాసి ఉన్నదాన్ని తెప్పించాను. (అలంకరణకు మాత్రమే అని కూడా రాసి ఉంది. అది పార్సిల్ వచ్చాక చదివాను.) అట్టపెట్టె విప్పేసరికి ఇంటిల్లిపాదీ చుట్టూ చేరారు. ఇత్తడి పిడి, తోలు ఒర, మామిడాకులా నడుమ వెడల్పై కొసకు సన్నబడిన ఉక్కు. మొత్తం కలిపి నా మోచేతి నుంచి వేళ్ళ కొస దాకా ఉంది, అంతే.

"గింతేనా?" అన్నాడు మా బాపు. "మిగిలిన ముక్క మల్ల పంపిస్తరా?"

"గ్రీకులవి పొట్టి కత్తులే బాపు. చరిత్రల ఉన్నది."

"గీ ముక్క పట్కొని గంత దూరంకెల్లి యుద్ధానికొచ్చిండ్రా! పాపం." కత్తి అంచును అరచేతి మీద అటూ ఇటూ రాశాడు. "వెన్నపూస గూడ తెగది."

మా అవ్వ (అంటే బాపు వాళ్ళమ్మ) మాత్రం నవ్వలేదు. అది దసరా ముందటి వారం. మా ఇళ్ళల్లో ఆయుధ పూజకు చెరుకు కొట్టే కత్తులు, కొడవళ్ళు, గొడ్డళ్ళు అన్నీ పదును పెట్టించి, కడిగి, పసుపూ కుంకుమా పెట్టి వరుసగా పేరుస్తారు. పండుగ నాడు ఇంట్లో మొద్దు కత్తి ఉండకూడదు. "మొద్దు కత్తి పూజల వెట్టినమంటే ఏడాదంత పనులు మొద్దువోతయి. పదునన్న పెట్టియ్యుండ్రి, లేకుంటె ఇంట్లకెల్లి తీసెయ్యుండ్రి," అని అవ్వ తీర్పు చెప్పింది.

బాపు తల గీక్కుంటూ, "అది ఆటది గదనే అవ్వా, దాన్ని ఇడిషిపెడదాం," అన్నాడు. అక్కడితో ఆగిపోవలసిన కథ అది. కానీ వెన్నపూస మాట నాకు గుచ్చుకుంది. "లేదు బాపు, నాది గూడ పెట్టియ్యి," అని పట్టుబట్టి, మిగతా కత్తుల కట్టతో పాటు నా కత్తినీ పట్టుకుని బాపు వెంట కమ్మరి తాత దగ్గరికి వెళ్ళాను.

కమ్మరి తాత దాన్ని చాలాసేపు తిప్పి చూశాడు. చెరుకు కత్తికి ఒక పక్కే పదును, రెండో పక్క మందపాటి వెన్ను. దీనికి వెన్నే లేదు. "ఏ దిక్కు పెట్టాలె బిడ్డా?"

"రెండు దిక్కుల తాతా. గ్రీకులు గట్లనే పెట్టుకుంటరు."

"గాళ్ళెవరు? మహారాష్ట్ర దిక్కులోళ్ళా? చెరుకు కొట్టవస్తరా?"

"యుద్ధానికొచ్చిండ్రు తాతా. ఎప్పుడో."

"గట్ల చెప్పు," అని సానరాయి తిప్పడం మొదలుపెట్టాడు. నిప్పురవ్వలు లేస్తుంటే నా గుండె గర్వంతో పొంగింది. పని అయ్యాక కత్తిని గుడ్డలో చుట్టి నాకు ఇవ్వకుండా బాపు చేతికి ఇచ్చాడు. "ఇగ దీన్ని గోడకే తగిలియ్యుండ్రి. పోరి చేతికియ్యకు," అన్నాడు. దారిలో నేను బతిమాలితే బాపు మా చేను గట్టున ఒక చెరుకు గడ మీద దెబ్బ వేశాడు. గడ తెగిన చప్పుడు కూడా రాలేదు. కాసేపు అలాగే నిలబడి, తర్వాత పక్కకు ఒరిగింది. "వారెవ్వా!" అన్నాడు బాపు. నేను ఎగిరి గంతేశాను. చెరుకును కోసే కత్తి మనిషిని కూడా కోస్తుందన్న చిన్న సంగతి, డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న నాకు తట్టనే లేదు.

రిహార్సల్స్ అన్నీ చెక్క స్కేలుతోనే జరిగాయి. బాపు గోడకు తగిలించిన అసలు కత్తిని నాటకం నాడే దించి, స్టేజీ మీదే ఒర నుంచి దూసి అందరి నోళ్ళూ మూయించాలనుకున్నాను. ఏర్గట్ల పిల్లకు కూడా చూపించలేదు.

అలా వచ్చిపడింది ఆ బంతిపువ్వు. హాలు నిండా జనం, మూడో వరుసలో తెల్లబట్టల్లో మా బాపు. నేను మెడ మీద ఆనించవలసిన కత్తిని గబుక్కున వెనక్కి తీసుకున్నాను. నేను డైలాగు మరిచిపోయాననుకుంది ఏర్గట్ల పిల్ల. నన్ను ఆదుకుందామని తనే ముందుకు వచ్చి మెడ చాచింది. "నరుకు చక్రవర్తీ! నరుకు!" అని గర్జించింది. నేను ఒక అడుగు వెనక్కి వేశాను. అది ఒక అడుగు ముందుకు వేసింది. "ఈ మెడ వంగదు! నరుకు!" నేను రెండడుగులు వెనక్కి. అది రెండడుగులు ముందుకు. అలా లోకవిజేత స్టేజీ ఈ కొస నుంచి ఆ కొస దాకా వెనక్కి నడిచాడు. "రాజు ఉరుకుతుండు, పట్టుండ్రి!" అని వెనక బెంచీల నుంచి ఈలలు. నా వీపు గోడకు తగిలింది. ఇంక అడుగు లేదు. అది నా భుజాలు పట్టుకోబోతోంది.

"అగో, దగ్గరికి రాకే!" అని గుసగుసగా అన్నాను. "నిజంగ తెగుతది. బాపు పదును పెట్టించిండు!"

గుసగుసే. కానీ సరిగ్గా నా తల మీద ఒక మైకు వేలాడుతోంది.

చివరి బెంచీ దాకా వినబడింది. మూడో వరుసలోంచి బాపు లేచి నిలబడ్డాడు. "నేను వద్దన్ననే! నువ్వే గదనే పెట్టియ్యుమని నా పానం దీసినవ్!"

తర్వాత లేచిన నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది. చరిత్ర మేడమ్ తెర పక్కన తల పట్టుకుని కూర్చున్నారు. నా కళ్ళలో నీళ్ళు. అప్పుడు ఏర్గట్ల పిల్ల కిందపడి ఉన్న సగం పువ్వును చూసింది, కత్తిని చూసింది, తన మెడను తడుముకుంది. దాని ముఖం పాలిపోయింది. అయినా గొంతు మాత్రం వణకలేదు. "చక్రవర్తీ! నీ తండ్రి పదును పెట్టించిన కత్తి నీ ఒరలోనే ఉండనీ. రా, మనం స్నేహితులం," అంది, చేయి దూరంగానే చాచి. నేను కత్తిని ఒరలో పెట్టి (ఒర నోరు మూడుసార్లు తప్పింది) ఆ చేయి పట్టుకున్నాను. ఉత్తమ నటి బహుమతి దానికి వచ్చింది. నాకు 'బాపు పదును' అనే పేరు వచ్చింది, డిగ్రీ అయ్యేదాకా పోలేదు.

మొన్న దసరాకు పిల్లలను తీసుకుని మా ఊరు వెళ్ళాను. పూజలో చెరుకు కత్తుల నడుమ, పసుపు బొట్టుతో, నా గ్రీకు కత్తి. అవ్వ పోయినా ఆమె తీర్పు పోలేదు. బాపు ఏటేటా దానికీ పదును పెట్టిస్తూనే ఉన్నాడు. సాన మీద అరిగి అరిగి ఇప్పుడు అది మామిడాకు కాదు, వేపాకు. "మీ అమ్మ తన కత్తికి తనే భయపడి ఉరికింది," అని బాపు పిల్లలకు సగం చెప్పి నవ్వాడు. మిగతా సగం చెప్పమని వాళ్ళు ఆ రాత్రి నన్ను వదల్లేదు. "పొద్దున చెప్త, పండుకోండి," అన్నాను. వాళ్ళు నిద్రపోయాక కాగితం ముందేసుకుని కూర్చుంటే ఇదంతా గుర్తొచ్చింది. పదునును చూసి మురిసి గంతేసిన ఆ పొడుగుపిల్ల ఇంకెప్పుడూ కనబడదు. కాసేపు దానికోసం బెంగపడ్డాను కూడా.

పొద్దున్నే వాకిట్లో ఇద్దరినీ కూర్చోబెట్టాను. "కత్తికి పదును పెట్టియ్యుమన్నది తాత కాదు, నేనే," అని మొదలుపెట్టి అంతా చెప్పాను. మా ఏర్గట్ల పిన్ని మెడనా అని చిన్నది నోరు తెరిచింది. (ప్రతి ఏడాదీ పసుపు తెచ్చి ఇచ్చి, దీని బుగ్గ గిల్లి పోయే పిన్ని మరి.) పెద్దవాడు వెంటనే, "నాకొక్కసారి పట్టుకోనియ్యవా?" అన్నాడు.

"పట్టుకునుడు తర్వాత. ముందుగాల ఎనకకు నడుసుడు నేర్చుకోండి. చూసుకుంట, కింద పడకుంట," అని లేచి నడిచి చూపించాను. ఇద్దరూ నా పక్కన చేరి, వాకిలి ఈ కొస నుంచి ఆ కొస దాకా వెనక్కి నడిచారు. పళ్ళు తోముకుంటున్న బాపు పుల్ల నోట్లోనే పెట్టుకుని మమ్మల్ని చూస్తూ నిలబడ్డాడు.

"అమ్మా, రాజులు ఎనకకు నడుస్తరా?" అంది చిన్నది.

"ముంగట మనోళ్ళుంటే నడుస్తరు," అన్నాను.