నా పద్యానికి అడ్డొచ్చిన పువ్వు

నేను చెప్పేదాంట్లో సగం తీసేసి, మిగతా సగాన్ని అనుమానిస్తే అసలు సంగతి దొరుకుతుందని మా ఇంట్లో అందరికీ తెలుసు. మా నాయిన ఒక్కడే నా మాట మొత్తం నమ్మేవాడు. చిక్కంతా అక్కడే వచ్చింది.

తొమ్మిదేళ్ళప్పుడు టీవీలో పద్యం చెప్పడానికి వెళ్ళాను. ఇది మాత్రం నిజం. అప్పుడున్నది ఒకటే ఛానెల్. మోతీనగర్‌లో మా గల్లీ మొత్తానికి ఒకటే టీవీ, దానికి చెక్క తలుపులు, తలుపులకు తాళం. తెర మీద పైన నీలం, కింద ఆకుపచ్చ రంగు ప్లాస్టిక్ అట్ట అంటించి ఉండేది. అదే మా కలర్ టీవీ. రాజుకైనా రాక్షసుడికైనా వార్తలు చదివే ఆవిడకైనా జుట్టు నీలమే. ఏదొస్తే అది చూసేవాళ్ళం. పొలం మొహం చూడని నాకు వరి తెగులుకు ఏ మందు కొట్టాలో కంఠోపాఠం.

మధ్యలో ఒక్కోసారి బొమ్మ పోయి, ఒక పువ్వూ, దాని కింద ‘అంతరాయానికి చింతిస్తున్నాం’ అనే మాటా, వెనక వీణా వచ్చేవి. వెంటనే ఎవరో ఒకరు మేడెక్కి యాంటెనా తిప్పేవారు. తిప్పి తిప్పి చేతులు నొప్పి పుట్టేసరికి కార్యక్రమం దానంతటదే తిరిగొచ్చేది. దాంతో పువ్వు రావడానికీ పోవడానికీ కారణం యాంటెనాయేనని గల్లీ అంతా తీర్మానించుకుంది.

ఆ ఆదివారం నేను స్టూడియోలో ఉన్నాను. అక్కడ పాడింది అప్పటికప్పుడే ఇక్కడ వినిపించే పిల్లల కార్యక్రమం అది. కొడుకు మొహం మీద చుక్కలు పడకూడదని మా నాయిన ముందుగానే మేడెక్కి యాంటెనా పట్టుకున్నాడట.

“వచ్చిందా?”

“వచ్చింది, గట్లనే పట్టుకో!”

సరిగ్గా నా వంతుకు ఆయన ఇంకాస్త తిప్పాడు. తెర మీద పువ్వు. “ఏం తిప్పినవయ్యా! పిలగాని మొఖం గూడ సక్కగ చూడనియ్యకపోతివి!” అని గల్లీకి గల్లీ ఆయన మీద పడింది.

స్టూడియోలో జరిగింది వేరు. ఆ లైట్లు చూసి మొదటి పాదం దగ్గరే నా నోరు పడిపోయింది. ఆ తర్వాత నిక్కరు కూడా నా మాట వినలేదు. ఇంటికొచ్చాక తడి గురించి అమ్మ అడిగితే మంచినీళ్ళు ఒలికాయన్నాను. నాయిన గడప దగ్గరే నిలబడి, “చెప్పినవా బిడ్డా?” అన్నాడు.

“గడగడ చెప్పిన.”

ఏళ్ళు గడిచేకొద్దీ ఒక పద్యం మూడు పద్యాలైంది. స్టూడియో చప్పట్లతో దద్దరిల్లింది. నేను పెంచిన ప్రతిసారీ ఆయన అరచేతులు చూసుకుని, “గీ చేతులతోని నేనే చెడగొడితి” అనేవాడు. యాంటెనా తిప్పితే చుక్కలొస్తాయి గానీ పువ్వూ అక్షరాలూ ఎందుకొస్తాయని కాస్త పెద్దయ్యాక నాకు తట్టింది. చెప్పలేదు. చెబితే, మరి ఎందుకాగిందని అడుగుతారు కదా.

ఇరవై ఏళ్ళ తర్వాత ఫిల్మ్ నగర్‌లో సీరియళ్ళు తీసే ఆఫీసులో మాటలు రాసే పని దొరికింది. కోతలకు జీతమిచ్చే పేట ఇదొక్కటే. ఊరంతా కంప్యూటర్ కోర్సుల వెంట పడిన రోజులవి. మా లైట్‌మ్యాన్ పొద్దున్నే క్లాసుకెళ్ళొచ్చి, మధ్యాహ్నం టీ కూడా ఇంగ్లీషులో అడిగేవాడు.

ఒకరోజు నాయిన పేపర్లో వచ్చిన కరపత్రం పట్టుకొచ్చాడు. పాత టీవీ టేపులు సీడీల్లోకి ఎక్కించే దుకాణమట. “మీ ఆఫీసు ఎనకనే ఉన్నది. ఆ దుకాణమామె అప్పట్ల టీవీ స్టేషన్ల పనిచేసిందంట. ఫోన్ జేసిన. నీ పద్యం దినం టేపు ఉందన్నది.”

కరపత్రం మడిచి జేబులో పెట్టేశాను. “పాత ముచ్చట, ఇప్పుడెందుకు నాయినా?”

“నడువ్‌రా. నేను చెడగొట్టింది ఒక్కపారన్న చూడొద్దా?”

జూబ్లీహిల్స్ ఎత్తు ఎక్కలేక స్కూటర్ మూలిగింది. అక్కడే ఆగిపోతే కొబ్బరికాయ కొడతానని మొక్కుకున్నాను. ఆగలేదు.

దుకాణంలో ఒక టీవీ, ఒక కంప్యూటర్, గోడ నిండా టేపులు. “రండి అన్నయ్యగారూ. నేను పనిచేసిన కార్యక్రమాలన్నీ మావారు ఇంట్లో రికార్డు చేసి దాచేవారండీ” అంది ఆవిడ. నన్ను తల నుంచి కాళ్ళ దాకా చూసింది.

తోలుబొమ్మలు వచ్చాయి, పాట వచ్చింది. తర్వాత నూనె కారుతున్న తలతో, తెరిచిన నోటితో నేను వచ్చాను. నాయిన కుర్చీ అంచుకు జరిగాడు. నేను కళ్ళు మూసుకున్నాను.

వీణ వినిపించింది. కళ్ళు తెరిస్తే పువ్వు.

నాయిన లేచి నిలబడ్డాడు. “అమ్మా, గప్పుడు మీ ఇల్లు యాడ?”

“మలక్‌పేటండీ.”

“గాడ గూడ ఎవరన్న అంటెన తిప్పిన్రా?”

“ఎవరు తిప్పుతారండీ? ఆ పువ్వు వేసేది మేమే, స్టేషన్‌లో.”

ఆయన మెల్లగా కూర్చున్నాడు. అరచేతులు రెండూ తిప్పి తిప్పి చూసుకున్నాడు. “అంటే నేను గాదు” అన్నాడు. ఇంకోసారి అన్నాడు. తర్వాత మొహం కడుక్కోవడానికి బయటి నల్లా దగ్గరికి వెళ్ళాడు.

ఆవిడ గొంతు తగ్గించింది. “ఆ పువ్వు వెయ్యమని చెయ్యి ఊపింది నేనే బాబూ. నీ కాళ్ళ కింద తడి చూశాను. ఊరంతా చూడకూడదనిపించింది.”

“మా నాయినకు...”

“నేనెందుకు చెబుతాను? నీ పద్యం, నీ ఇష్టం.”

తిరుగు దారిలో మోతీనగర్ మలుపులో ఇరానీ హోటల్ దగ్గర ఆగాం. నూనె తల నుంచి తడి నిక్కరు దాకా, ఒక్క ముక్క పెంచకుండా, తగ్గించకుండా మొత్తం చెప్పేశాను. నాయిన సాసర్లో టీ ఊదుకుంటూ విన్నాడు.

“అయిపాయెనా?”

“అయిపోయింది.”

“నా మనసు తేలిక జెయ్యనీకె అల్లినవ్ గదరా? ఇన్నేండ్లల్ల గింత కచ్చా కోత ఎన్నడు కొయ్యలేదు నువ్వు. టీవీల పద్యం చెప్పెటోడు లాగుల పోసుకుంటడా?”

అని, గల్లా దగ్గర కూర్చున్న హోటలాయన వైపు తిరిగాడు. “విన్నవా భాయ్, గా దినం తప్పు టీవీవోళ్ళదేనంట! నా కొడుకు మూడు పద్యాలు గడగడ చెప్పిండు.”

గుండె మీద నుంచి ఇరవై ఏళ్ళ బరువు దిగింది. ఇంకో టీ చెప్పాను.

“మూడు కాదు నాయినా,” అన్నాను, “నాలుగు.”