ఎత్తిపోతల దారిలో ఒక కూలి బేరం

నరసరావుపేటలో ఏడేళ్ళుగా ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. హైదరాబాదులో ఒక ల్యాబ్ వాళ్ళు ఇంటర్వ్యూ చేసి, ఇక్కడికన్నా ఎనిమిది వేలు ఎక్కువ ఇస్తాం, సాయంత్రంలోగా సరేనని మెసేజ్ పెట్టమన్నారు. సంతోషించాల్సిందే. కానీ ఆ రోజు పొద్దున లేచిన దగ్గర్నుంచీ ఇంట్లో కాలు నిలవలేదు. ఇంత దగ్గరున్నా ఎన్నడూ చూడని ఎత్తిపోతల జలపాతమైనా చూసొద్దామని సెలవు పెట్టి బయల్దేరాను.

ఏడింటికి మాచర్ల బస్సు. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్టు డబ్బుల్లేవు. పిడుగురాళ్ళ, గురజాల మీదుగా రెండున్నర గంటలు పట్టింది. దారి పొడుగునా కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరుతున్నాయి. నేను మాత్రం ఫోన్‌లో 'సరే' అని టైపు చేయడం, చెరిపేయడం. మాచర్లలో దోసె తిని, రానూపోనూ ఆరొందలకు ఆటో మాట్లాడుకున్నాను. డ్రైవరు కోటయ్యకు యాభై దాటి ఉంటాయి.

"దారిలో ఒక్క నిమిషం ఆగుతానమ్మా. మా ఇంటిది మిరప కోతకు పోయింది, క్యారియరు ఇచ్చేసి పోదాం" అన్నాడు.

కూలీలు దొరుకుతున్నారా అని అడిగాను.

"మా కుర్రోళ్ళు చానామంది హైదరాబాదు పోయారు. మనుషుల్లేక కూలి పెరిగింది. పెరిగిందని ఆదోని వైపు నుంచి ముఠాలు దిగుతున్నయ్. ఇప్పుడు మళ్ళా ఆడికాడికే."

చేను దగ్గరికి వెళ్ళేసరికి గొడవ జరుగుతోంది. ఊరి ఆడవాళ్ళు పదిమంది గట్టు మీద నిలబడి ఉన్నారు. ఎదురుగా అప్పుడే వ్యాన్ దిగి, మూటలు చేతపట్టుకున్న ఆదోని ముఠా.

"మా నోటికాడ కూడు లాక్కోటానికి వచ్చారా?" అంటోంది కోటయ్య భార్య సీతమ్మ.

ముఠా పెద్ద ఈరమ్మ మూట కింద పెట్టింది. "మీకెంత ఇస్తాండ్రి అక్కా?"

"నాలుగొందల యాభై."

"మాకు మూడొందల యాభై అని చెప్పి పిలిపిచ్చినారు. మీ రేటు మాకెవురూ చెప్పల్యా." ఈరమ్మ పక్కనే ఉన్న చేను రైతు వైపు తిరిగింది. "అన్నా, ఆ యక్కకెంతో మాకూ అంతే ఇయ్యి. లేకుంటే మేమూ చేన్లోకి దిగం."

"మిరప ధర చూశావా తల్లీ? నేనేం మేడలు కట్టటంలా" అన్నాడు రైతు. ఆయన మొహం చూస్తే అబద్ధమాడుతున్నట్టు లేదు. కాయ పండి రాలుతోంది. కాసేపటికి అందరికీ నాలుగొందల పాతిక అన్నాడు. సగం చేను వీళ్ళు, సగం వాళ్ళు దిగారు.

ఆటోలో కూర్చున్నాక నాకు తట్టింది. హైదరాబాదులో మిగతావాళ్ళకు ఎంతిస్తున్నారో నేను అడగనేలేదు. అదే ల్యాబ్‌లో ఉన్న పాత క్లాస్‌మేట్‌కు ఫోన్ చేశాను. నాకు చెప్పినదానికన్నా తనకు ఐదు వేలు ఎక్కువ. వెంటనే అక్కడి మేనేజరుకు చేసి, ఆ జీతమే నాకూ ఇవ్వమన్నాను.

"మేం చెప్పిన జీతానికి వచ్చేవాళ్ళున్నారండి" అన్నాడు.

ఆ వచ్చేవాళ్ళెవరో నాకు తెలుసు. నాతోపాటు ఇంటర్వ్యూకు వచ్చిన రమ్య, మా ల్యాబ్‌లో నా పక్క సీటు. తనకు ఫోన్ చేసి అంతా చెప్పాను. ఇద్దరం ఒకే జీతం అడుగుదామన్నాను.

"నాకు ఈ ఉద్యోగం అవసరం అక్కా."

"నాకూ అంతే రమ్యా."

"సరే. నన్నడిగితే నేనూ అంతే చెప్తా."

జలపాతం దగ్గర గంటసేపున్నాను. ఫిబ్రవరి కదా, నీళ్ళు సన్నగానే ఉన్నాయి. నిజం చెప్పాలంటే, నీళ్ళకన్నా ఫోనే ఎక్కువ చూశాను. సాయంత్రమైనా 'సరే' అని పంపలేదు.

నాలుగు రోజులకు వాళ్ళే పిలిచారు. అడిగినంత కాదు, మూడు వేలు పెంచారు, ఇద్దరికీ. వచ్చే నెల వెళ్తున్నాం. మా ల్యాబ్ నడిపే డాక్టరుగారికి చెప్తే, "నరం దొరకబుచ్చుకోవడం దగ్గర్నుంచి నేర్పించుకున్నాను. ఇక మళ్ళీ మొదలు" అని కళ్ళద్దాలు తుడుచుకున్నారు. ఆ మాట ఇంకా కుదురుగా ఉండనివ్వడం లేదు. మా స్థానంలోకి వినుకొండ వైపు నుంచి ఇద్దరమ్మాయిలు వస్తున్నారట. వెళ్ళేలోపు వాళ్ళకు పని చూపించాలి. మా జీతమెంతో కూడా చెప్పే వెళ్తాను.

ఎత్తిపోతల వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట: మాచర్లలో ఆటో ఎక్కేముందు, అప్పుడే తిరిగొచ్చిన వాళ్ళనెవరినైనా ఎంతిచ్చారో అడగండి.