కొత్తకు ముందు కోసిన కాయ

మా ఊళ్లో మామిడి కొత్త పండగ జరిగేదాకా కొత్త మామిడికాయను ఎవరూ నోట పెట్టరు. ముందు అమ్మవారికి పెట్టాలి. మేం చర్చికి వెళ్లేవాళ్లం, మాకా పట్టింపు లేదు. అయినా చుట్టుపక్కల వాళ్ల మనసు కష్టపెట్టకూడదని మా ఇంట్లోనూ అప్పటిదాకా కాయ కొయ్యం. ఈ సంగతి మా ఏడేళ్ల కూతురికి తెలుసు. తెలిసే కోసింది. ఉప్పూకారం అద్దుకుని తాను తిన్నది చాలక, పక్కింటి పెద్దమ్మ మనవరాలికీ పెట్టింది.

మర్నాడు మధ్యాహ్నానికి ఆ పిల్లకు జ్వరం. పెద్దమ్మ వచ్చి మా గుమ్మంలో నిలబడింది.

"ఏటే, మీ గుంట సేసిన పని సూసినావా? కొత్త కాకుండానే కాయ తినిపించీసింది. మా గుంట ఒళ్లు కాలిపోతంది. అమ్మోరికి ఏటని సెప్పుకుంటాను?"

నాకు ముందు సిగ్గేసింది, ఆ వెంటనే కోపం వచ్చింది. "ఇయ్యాల దాని తోలు తీసెత్తాను పెద్దమ్మా" అన్నాను, వీధంతా వినబడేలా.

నా కోపం నా చేతుల్లోకి దిగుతుంది. మా నాన్నదీ అంతే. ఆయన ప్రార్థన చేసి మరీ కొట్టేవాడు. నాకు ఆ ఓపిక కూడా లేదు. ఆదివారాలు చర్చిలో పిల్లలకు దేవుడి క్షమ గురించి పాఠం చెప్పేదాన్ని కూడా నేనే. ఇంట్లో మాత్రం తలుపు వెనక వెదురు బెత్తం ఉండేది. అంతకు ముందు వారమే ఏదో చిన్న అబద్ధానికి పిల్ల పిక్క మీద వాత తేలింది.

లోపలికి వెళ్లి చూస్తే పిల్ల లేదు. తలుపు వెనక బెత్తమూ లేదు. దాచేసిందన్నమాట, ఎంత తెలివి అనుకున్నాను. కోపం రెట్టింపైంది.

బోరింగు దగ్గర లేదు. బడి అరుగు మీద లేదు. చర్చికి తాళం వేసే ఉంది. ఈలోగా కొండ మీది నుంచి మబ్బు దిగింది. ఎండాకాలంలో మా దగ్గర వానంటే పిడుగులే. కిందటేడు పై ఊళ్లో రెండు ఆవులు అలాగే పోయాయి. మొదటి ఉరుము వినబడేసరికి కోపమంతా ఎటో పోయింది. పిల్ల పేరు పెట్టి అరుస్తూ కాఫీ తోటలోకి పరిగెత్తాను.

అరుస్తుండగానే తట్టింది. నా గొంతు వింటే అది ఇంకా లోపలికి పోతుంది. తల్లి పిలుపుకి దాక్కునే పిల్లను ఏమని పిలవను?

అరవడం ఆపేశాను. దాన్ని నిద్రపుచ్చేటప్పుడు పాడే పాట అందుకుని నడిచాను. దాన్ని చూపించు ప్రభువా, ఇంకెప్పుడూ చెయ్యెత్తను అని మధ్యమధ్య బేరం పెట్టాను. దేవుడితో బేరాలాడకూడదని పిల్లలకు చెప్పేదీ నేనే.

మిరియాల తీగ పాకిన ఓ చెట్టు వెనక నుంచి వచ్చింది. వానకు తడిసి ముద్దయింది. రెండు బారల దూరంలో ఆగి, బెత్తాన్ని రెండు చేతులతో నా వైపు చాపింది.

"నువ్వు ఎతుక్కుంటే మరీ కోపమొస్తాదని తెచ్చీసాను. ఇక్కడే కొట్టీమ్మా. ఇక్కడైతే ఎవులూ సూడరు."

బురదలో కూలబడి ఏడ్చాను. అది నా ఏడుపు చూడలేదు, నా చేతులే చూస్తూ నిలబడింది.

తిన్నగా పెద్దమ్మ ఇంటికి వెళ్లాం. "తప్పు మాదే పెద్దమ్మా, మన్నించు" అన్నాను. నా వెనక నుంచి అదీ అంది. పెద్దమ్మ నా మొహంకేసి చూసి, "ముందు గుంట తల తుడువు, ఊరికే నిలబడి ఏటి సేత్తన్నావు?" అని కసిరి, తనే తువ్వాలు తెచ్చింది. నా కూతురు ఆవిడ చేతికింద హాయిగా తల వంచింది. అది చూసి నాకు ఏడుపు ఆగలేదు.

ఆ పిల్ల జ్వరం తెల్లారేసరికి తగ్గింది. బెత్తాన్ని పొయ్యిలో పెట్టేశాను.

ఇది జరిగి రెండేళ్లయింది. ఇంకెప్పుడూ కొట్టలేదు. ఇప్పుడు తప్పు చేస్తే అదే వచ్చి చెబుతుంది, కానీ గుమ్మం అవతల నిలబడి చెబుతుంది. దానికి కనబడేలా రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని వింటాను. లోపలికి రా అని మాత్రం పిలవను. అదే రావాలి.