చేతికివ్వని కత్తి

మొన్న నెల్లూరులో మా అక్కను చేర్చిన ఆసుపత్రి గుమ్మం దగ్గర నా కత్తిని ఆపేశారు. నన్ను కాదు, కత్తినే. చేతిసంచిలో రెండు బత్తాయిలు, ఒక తువ్వాలు, వాటి అడుగున ఎప్పటిలాగే నా మడత కత్తి ఉన్నాయి. సంచి చూసిన కాపలా అబ్బాయి, నా మనవడి వయసుంటుంది, దీన్ని లోపలికి తీసుకుపోకూడదమ్మా, ఇక్కడిచ్చి వెళ్లండి, వచ్చేటప్పుడు తీసుకుందురుగాని అని మర్యాదగానే చెప్పి చెయ్యి చాపాడు. నేను ఆ చేతిలో పెట్టకుండా పక్కనున్న బల్ల మీద పెట్టి, తీసుకో నాయనా అన్నాను. అతను నా వైపు, కత్తి వైపు మార్చి మార్చి చూశాడు. మా వయసు వాళ్లయితే అడగకుండానే అర్థం చేసుకునేవాళ్లు. కత్తి చేతికిచ్చుకోకూడదు, ఒకరు కింద పెడితే ఇంకొకరు తీసుకోవాలి, చేతికిస్తే ఇద్దరికీ తగువొస్తుందని మనకు మాటలు సరిగా రాకముందే నేర్పారు కదా.

లిఫ్టు కోసం నిలబడి ఉంటే సంచి తేలికైపోయినట్టు తోచింది. గుప్పిట్లో ఇమిడిపోయే ఆ వస్తువుకు అసలు బరువే లేదు. అయినా అది లేకుండా నేను ఊరు దాటి ఎన్నేళ్లయిందో లెక్క తేలలేదు. లిఫ్టు వచ్చి, తలుపు తెరుచుకుని, మళ్లీ మూసుకుని వెళ్లిపోయింది కూడా. నేను అక్కడే నిలబడి మైపాడు ఒడ్డుకు వెళ్లిపోయాను.

మా నాయన సముద్రం మీద వేటకు పోయే మనిషి. కొడుకులు లేరు, అక్కా నేనూ ఇద్దరమే. ఆయాసం ముదిరి పడవెక్కడం మానేసిన ఏడాది, ఎప్పుడూ మొలలో ఉండే ఆ కత్తిని మా ఇద్దరి మధ్యా నేల మీద పెట్టి, ఇద్దరికీ ఇదొక్కటే, పంచుకోండి అన్నాడు. కత్తిని ఎట్లా పంచుకోవాలో మాత్రం చెప్పలేదు. కొమ్ము పిడి, రెండు ఇత్తడి మేకులు, మడిస్తే పిడిలో దాక్కునే బెత్తెడు ఇనుము, అంతే దాని వైభవం. మా ఇద్దరినీ అదే పల్లెలో నాలుగిళ్ల ఎడంగా ఇచ్చారు కనుక కత్తి కూడా ఆ నాలుగిళ్ల మధ్యే తిరుగుతుండేది. పొద్దున అక్క రొంటిన ఉంటే సాయంత్రానికి నా రొంటికి చేరేది.

ఆ ఒక్క కత్తితో మేము ఎన్ని పనులు చేసుకున్నామో తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. తెల్లవారకముందే వేపపుల్ల కోసుకునేది దానితోనే, ఒడ్డుకొచ్చిన వలలో చిక్కుకున్న చేపను పోగు తెగకుండా విడిపించేది దానితోనే, గంప కట్టిన తాడు కోసేది, వేసవిలో ముంజలు ఒలిచేది, పిల్లల పలక పుల్లలు చెక్కేది, కాలిగోళ్లు తీసుకునేది, చివరికి ఒకసారి బడిలో వేసిన నాటకంలో మా పెద్దవాడి కిరీటం అట్ట కత్తిరించిందీ అదే. ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా వారానికొకసారి కొబ్బరినూనె రాసి, మా గుమ్మం ముందు రాతి మెట్టు మీద నూరేదాన్ని. ఆ మెట్టు ఒక పక్క అరిగి పల్లమైంది కానీ కత్తి మాత్రం అరిగినట్టు నాకు ఎప్పుడూ అనిపించలేదు. ఇన్ని పనుల్లోనూ అది మా ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి ఎన్నడూ నేరుగా వెళ్లలేదు. ఇసుక మీద పెట్టేవాళ్లం, తీసుకునేవాళ్లం. ఊపిరి పీల్చినంత అలవాటుగా.

ఒక్కసారి తప్ప.

అది మంచు విడుస్తున్న పొద్దు, నీళ్లూ ఆకాశమూ ఒకే బూడిద రంగులో ఉన్నాయి. మా ఆయనా, బావా వేట నుంచి తిరిగొచ్చి పడవ మీంచి మోకు విసిరితే, మోకాటి లోతు నీళ్లలో నిలబడిన అక్క అందుకుంది. ఎప్పుడూ చేసే పనే. వదులుగా పడిన మోకు చుట్ట ఆమె పాదం చుట్టూ ఉన్న సంగతి ఎవరమూ చూసుకోలేదు. తిరుగు అలకు పడవ ఒక్కసారిగా వెనక్కి పోయేసరికి మోకు బిగిసి, అక్కను కింద పడేసి లోపలికి ఈడ్చుకుపోయింది. నేను పరుగెత్తి ఆమె చంకల కింద చెయ్యేసి తల నీళ్ల పైకి ఎత్తి పట్టుకున్నాను. నా చెయ్యి ఆమె కాలికి అందదు, ఆమెను వదిలితే మునిగిపోతుంది. కత్తి నా రొంటిన ఉంది. పళ్లతో విప్పి, అక్క చేతిలో పెట్టాను. ఆమె వంగి నీళ్లలోనే మోకు కోసేసింది. బతికి బయటపడ్డాం. ఆ చీలమండ చుట్టూ మాత్రం మోకు కోసుకుపోయిన మచ్చ కడియంలాగా మిగిలిపోయింది.

ఒడ్డు మీద చేరిన ఆడవాళ్లు దిష్టి తీసి, అక్కకు వేడి కాఫీ తాగించి, తీరుబడిగా అసలు విషయానికొచ్చారు. కత్తి చేతికిచ్చావా అని మా అత్త అడిగింది. ఇచ్చానన్నాను. అయ్యో అన్నారందరూ, అక్క మునిగిపోబోయిందని విన్నప్పుడు కూడా అంతగా అనలేదు. ఒకామె కత్తిని ఉప్పులో పెట్టమంది, ఒకామె అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకే కంచంలో తింటే దోషం పోతుందంది. మేమిద్దరం నవ్వుకుంటూ ఒకే కంచంలో చేపల పులుసు కలుపుకుని తిన్నాం. తలకాయ ముక్క నాకే పెట్టింది అక్క.

ఆరు నెలలు గడిచాయి. మేమిద్దరం మొదటి బస్సుకు గంపలతో నెల్లూరు వెళ్లి మార్కెట్లో పక్కపక్కన కూర్చునేవాళ్లం. చేపలమ్మే మాకు అక్కడొక కట్టుబాటు ఉంది. ఒకరి వాడుకమ్మను, అంటే రోజూ ఒకరి దగ్గరే కొనే మనిషిని, ఇంకొకరు పిలవకూడదు. ఆ రోజు బిడ్డకు జ్వరమని అక్క రావడం ఆలస్యమైంది. ఆమె వాడుకమ్మ వచ్చి ఖాళీ చోటు చూసి నిలబడింది. ఎండెక్కుతోంది, నా గంపలో వంజరాలు మెత్తబడుతున్నాయి. రామ్మా అని పిలిచాను. ఆవిడ సంచి నింపుకుని వెళుతుండగానే అక్క వచ్చింది. నా వాడుకమ్మను నువ్వు పిలిచినావా అని మెల్లిగా అడిగింది, అంతే. తప్పయిందక్కా అంటే అక్కడితో పోయేది. తప్పు చేసినవాళ్లకే కోపం ఎక్కువ. మార్కెట్టంతా వినేట్టు అనేశాను:

“ఆ కాలు నేనిచ్చిందే గదా అక్కా. దాని మీద నిలబడే గదా నన్ను అడగతా ఉండావు.”

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని పెద్దలు ఊరికే అనలేదు. అక్క గంప ఎత్తుకుని మార్కెట్ అవతలి కొసకు వెళ్లి కూర్చుంది. తొమ్మిదేళ్లు అక్కడే కూర్చుంది. అదే బస్సులో ఆమె ముందు, నేను వెనక. ఆ రోజు కత్తి నా దగ్గర ఉండబట్టి నా దగ్గరే ఉండిపోయింది. పని అయ్యాక దాన్ని ఇసుక మీద పెట్టి, తీసుకునే చెయ్యి కోసం ఒక క్షణం చూసి, మళ్లీ నేనే తీసుకునేదాన్ని.

తొమ్మిదో ఏట ఒక మధ్యాహ్నం అక్క కుంటుకుంటూ వచ్చి మా వసారాలో కూర్చుని కాలు చాపింది. జెల్ల చేప ముల్లు లోతుగా దిగి ఉంది. చిన్నప్పటి నుంచీ ఆమె కాలి ముళ్లు తీసేది నేనే. కత్తి మొన వేడి చేసి, ముల్లు తీసి, పసుపు అద్దాను. కత్తిని నేల మీద పెట్టాను. అక్క దాన్ని తీసుకుని, కొంగుతో తుడిచి, మడిచి, దానివైపే చూస్తూ, ఆ పొద్దు కత్తి చేతికిచ్చినావు గదా, దానివల్లే మనకీ ఎడబాటు అంది. నేను అవునక్కా అన్నాను. ఇన్నేళ్లలో నేను ఆడిన అబద్ధాల్లో నాకు సిగ్గనిపించేది అదొక్కటే.

ఇప్పుడు షుగర్ వల్ల మోకు మచ్చ ఉన్న ఆ కాలే పాడైంది. మర్నాడు తెల్లవారగానే చీలమండ పైదాకా తీసేస్తామన్నారు డాక్టర్లు. ఆ మచ్చ కూడా పోతుందన్నమాట. కాలు పోకముందే ఆ మాట చెప్పాలనే నేను మొన్న బస్సెక్కింది. మంచం పక్కన కూర్చుని, కత్తి లేదు గనుక గోళ్లతో బత్తాయి ఒలుస్తూ, కత్తి కాదక్కా, నా నోరు చేసింది ఆ పని అని చెప్పేశాను. చెప్పాక తలెత్తలేకపోయాను.

అక్క నా చేతిలోంచి తొన తీసుకుని నోట్లో వేసుకుంది.

“నాకు తెలవదా మే. నిన్ననలేక దాన్నన్నాను. దానికైతే నొప్పి పుట్టదు గదా.”

తర్వాత కత్తి ఏదని అడిగింది. చెప్పాను. కాపలా అబ్బాయి చేతికివ్వలేదు కదా అని అడిగి, బల్ల మీద పెట్టానంటే తృప్తిగా తలాడించింది. కాసేపటికి, రేపటి నుంచి నేను కిందికి వంగలేను, ఇంక నాకు చేతికే ఇయ్యాల నువ్వు అని కళ్లు మూసుకుంది.

కిందికి వస్తూ మా ఇంటి సంగతి తలుచుకున్నాను. ఇప్పుడు మా వంటింట్లో సొరుగు నిండా కత్తులే, కూరలకొకటి, పండ్లకొకటి. కోడళ్లిద్దరూ వాటిని చేతుల్లోంచి చేతుల్లోకి అందించుకుంటారు, మూఢనమ్మకాలు లేవు, మంచిదే. కానీ మాటామాటా వస్తే నెపం వేయడానికి వాళ్లకు ఏమీ లేదు. ఎవరి తప్పు వాళ్లే మోసుకుంటూ, ఫోన్లో ఒకరి నంబరు ఒకరు తీసేసుకుని తిరుగుతున్నారు. మా కాలంలో మనుషుల తప్పు మోయడానికి ఇంటింటా ఇట్లాంటి నోరులేని వస్తువు ఒకటుండేది. కోడళ్లను చూస్తే నాకు జాలిగా ఉంటుంది.

గుమ్మం దగ్గర ఆ అబ్బాయి నన్ను గుర్తుపట్టి కత్తి తెచ్చాడు. పొద్దున నేను చేసింది గుర్తుండి కాబోలు, బల్ల మీద పెట్టబోయాడు. నేను చెయ్యి చాపాను. అక్క ఇంటికి వచ్చేలోగా నేను అలవాటు చేసుకోవాలి కదా.