నాన్న తాగని మామిడి రసం

మా నాన్న రక్తమిచ్చిన రోజు మా ఇంట్లో పండగ. భిలాయి ఉక్కు కర్మాగారంలో ఫర్నేసు దగ్గర ఆయన పని. రక్తదాన శిబిరం పెట్టారంటే చాలు, డ్యూటీ దిగి నేరుగా వెళ్లి చెయ్యి చాచేవాడు. అక్కడిచ్చే కాగితం సంచీలో క్రీమ్ బిస్కెట్ల పొట్లం, అరటిపండు, గొట్టంతో పీల్చుకునే మామిడి రసం డబ్బా ఉండేవి. ఆ సంచీ విప్పకుండా సైకిలుకి తగిలించుకుని ఖుర్సీపార్‌లో మా ఇంటి దాకా తెచ్చేవాడు. మేం ముగ్గురు పిల్లలం గుమ్మంలో కాచుకుని ఉండేవాళ్లం. "నువ్వు తిను నాన్నా" అని ఒక్కరమైనా అన్నామా? లేదు. సిగ్గులేని పిల్లలం.

ఆయనొక్కడే కాదు, మా వీధిలో మగవాళ్లందరిదీ అదే తీరు. అక్కడే కూర్చుని తినాలని ఎవరైనా చెబితే నవ్వేవాళ్లు. "ఇంటికాడ పిల్లగుంటలు తింతారు కదా, మనకెందుకేటి!" ఒకసారి మాత్రం నాన్న ఖాళీ కడుపుతో ఎండలో తొక్కుకుంటూ వచ్చి వీధి మలుపులో కళ్లు తిరిగి పడిపోయాడు. మోకాలు చెక్కుకుపోయింది. పడేటప్పుడే లాక్కున్నాడేమో, సంచీని మాత్రం గుండెకి హత్తుకునే ఉన్నాడు, డబ్బాకి సొట్ట కూడా పడలేదు. అమ్మ లబలబలాడుతూ ఆ రసం నోటికి అందించబోతే మూతి తిప్పేశాడు. "పంచదార నీల్లియ్యి, సాలు. అది పిల్లలది." ఆ డబ్బా తాగింది నేనే. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

అరవై అయిదు దాటాక, ఇక మీరు ఇవ్వకూడదని ఆయనకి చెప్పేశారు. అప్పుడు నేను పట్టుబట్టాను. ఒక్క సంచీ అయినా నేను సంపాదించి ఆయన చేతిలో పెట్టాలి. బడి పంతులమ్మని, మొండిదాన్ని. తీరా వెళితే వేలు గుచ్చి చూసి వెనక్కి పంపేశారు. హిమోగ్లోబిన్ తక్కువట, ఒంట్లో ఇనుము చాలదట. ఉక్కు ఊళ్లో పుట్టి ఇనుము లేకపోవడమేమిటి, నా మొహం! రెండోసారీ అదే మాట. తల కొట్టేసినట్టయింది.

ఆ రోజు ఉక్రోషంతో ఫోనులో వెతికాను, రక్తమిచ్చినవాళ్లకి ఏ దేశంలో ఏం పెడతారో. పోలండ్‌లో చాక్లెట్లట, జపాన్‌లో ఐస్‌క్రీమట, ఇంగ్లండ్‌లో టీ, బిస్కెట్లట. నాన్నకి చదివి వినిపిస్తే పెదవి విరిచాడు.

"ఐస్‌క్రీమ్ ఇంటిదాకా ఎలగ తెత్తారే? కరిగిపోదేటి?"

అక్కడే తినేయొచ్చన్న ఆలోచనే ఆయన బుర్రలో లేదు. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది.

ఇక అమ్మ రంగంలోకి దిగింది. నాలుగు నెలలు మునగాకు పప్పు, రాగి జావ, నువ్వుల ఉండలు, వాటి మీద డాక్టరు రాసిన మాత్రలు. మునగాకు వాసన తగిలితే చాలు, మా ఆయన పక్కింటికి పారిపోయేవాడు. మూడోసారి నాన్నని స్కూటరు వెనక కూర్చోబెట్టుకుని మరీ వెళ్లాను. నర్సు వేలు గుచ్చి, యంత్రం వైపు చూసి, "పాస్, దీదీ" అంది. "చూశావా నాన్నా!" అని ఒక్క కేక పెట్టాను. శిబిరమంతా తిరిగి చూసింది. చూడనీ.

రక్తమిచ్చి లేచాక సంచీ తెచ్చి నాన్న ఒళ్లో పెట్టాను. ఆయన అలవాటుగా దాని మూతి మడిచేసి లేచి నిలబడ్డాడు.

"పద, ఇంటికెల్లిపోదాం. మీ గుంటలు సూత్తుంతారు."

నర్సు అడ్డొచ్చింది. "అంకుల్, ఘర్ నహీఁ. యహీఁ ఖానా హై."

"విన్నావుగా, ఇంటికి కుదరదు, ఇక్కడే తినాలి. కూర్చో" అన్నాను. ఆవిడ కళ్లెదుటే బిస్కెట్లూ పండూ తిన్నాను. డబ్బాకి గొట్టం గుచ్చి నాన్న నోటి దగ్గర పెట్టాను. "ఇది నీది. తాగకపోతే వెళ్లి మళ్లీ ఆ రక్తమిచ్చే మంచమెక్కుతాను" అని బెదిరించాను.

ఆయన అటూ ఇటూ చూసి ఒక గుక్క పీల్చాడు. ఆగాడు. ఇంకో గుక్క. డబ్బా లోపలికి అణిగిపోయి గురగురమనేదాకా మరి ఆపలేదు.

"ఓలమ్మా" అన్నాడు మూతి తుడుచుకుంటూ, "ఇంత బాగుంతాదేటే ఇది! ముందే తెలిత్తే మీకొక్కటీ తెచ్చీవోడ్ని కాను."